తీగ మీదే మాగనిచ్చిన ఎర్ర ద్రాక్షతో తియ్యటి వైన్: పులియడం ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి?

తీగపందిరి

అందరికీ నమస్కారం. ఈసారి జిన్‌ఫాండెల్ అనే ఎర్ర ద్రాక్ష పళ్లను మామూలు కోత సమయంలో కోయకుండా తీగ మీదే వదిలేశాను. ఇప్పుడు గుత్తుల్లో మూడో వంతు పళ్లు ముడతలు పడ్డాయి, కొన్ని పూర్తిగా కిస్మిస్ అయిపోయాయి. అదే గుత్తిలో మధ్య మధ్య ఇంకా గట్టిగా ఉన్న పళ్లూ ఉన్నాయి. నాలుగు పళ్లు చిదిమి, రసంలో చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 29 బ్రిక్స్ (అంటే బరువులో దాదాపు 29 శాతం చక్కెర) వచ్చింది. పీహెచ్ 3.75 (ఈ అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు). మొత్తం 60 కిలోల దాకా ఉంటాయి.

నాకు కావలసింది భోజనం అయ్యాక చిన్న గ్లాసులో తాగే తియ్యటి ఎర్ర వైన్. చివర్లో పంచదార కలపడం ఇష్టం లేదు, తీపి పండులోంచే రావాలి. తీపి మిగిలి ఉండగానే ఈస్ట్‌ని ఆపడం ఎలాగో తెలియక కోత వాయిదా వేస్తున్నాను. నా దగ్గర ప్లాస్టిక్ డ్రమ్ములు, చిన్న ప్రెస్, గాజు జాడీలు, ఒక పాత ఫ్రిజ్ ఉన్నాయి. ఖరీదైన ఫిల్టర్లేమీ లేవు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పీపా నేస్తం

పళ్లు మంచివే దొరికాయి. అయితే ముందుగా ఆ 29ని నమ్మకండి. మీరు చిదిమినవి రసం ఉన్న పళ్లు. కిస్మిస్‌లలో ఉన్న చక్కెర అందులో లెక్కకు రాలేదు. పళ్లన్నీ నలిపి, చల్లగా ఉంచి, ఒకటి రెండు రోజులు నానిన తర్వాత మళ్లీ చూడండి. ఎండిన పళ్లు రసం పీల్చుకుని ఉబ్బుతాయి, వాటిలోని చక్కెర బయటికి వస్తుంది. మీరు చెప్పిన పాళ్లలో కిస్మిస్‌లు ఉంటే బ్రిక్స్ రెండు మూడు పాయింట్లు పెరగడం మామూలే. జిన్‌ఫాండెల్‌లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ రకంలో ఒకే గుత్తిలోని పళ్లు ఒకేసారి మాగవు.

ఈ మూడు పాయింట్లను అంత పట్టించుకోవాలా అంటే, పట్టించుకోవాలి. 29 బ్రిక్స్ అంటే లీటరుకు సుమారు 326 గ్రాముల చక్కెర. 32 అంటే 364 గ్రాములు. ఒక శాతం ఆల్కహాల్ తయారు కావడానికి ఈస్ట్ లీటరుకు దాదాపు 17 గ్రాములు తింటుంది. 14 శాతం దగ్గర ఆపితే 238 గ్రాములు ఖర్చవుతాయి. మొదటి లెక్కలో 88 గ్రాములు మిగులుతాయి, రెండో లెక్కలో 126. బ్రిక్స్‌లో చక్కెర కాని పదార్థాలు కూడా కొంత ఉంటాయి కాబట్టి అసలు సంఖ్య కాస్త తక్కువే వస్తుంది. అయినా ఈ రెండూ రెండు వేర్వేరు వైన్లు.

అందుకే నలిపే ముందే కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: ఎంత ఆల్కహాల్, ఎంత మిగులు తీపి, ఎంత పులుపు. తియ్యటి వైన్ తియ్యగా ఉండడంలో గొప్పేమీ లేదు, పళ్లే ఆ పని చేసేశాయి. మీరు అనుకున్న చోట అది నిలబడడమే కష్టం. ఈస్ట్, ఆమ్లం, పిండే సమయం, ఆపే పద్ధతి అన్నీ ఆ మూడు అంకెల్ని బట్టే ఉంటాయి.

తూకం రాయి

చిన్న మాట. పులియడం మొదలయ్యాక రిఫ్రాక్టోమీటర్ పక్కన పెట్టేయండి. ఆల్కహాల్ కలిస్తే అది చూపించే అంకె తప్పు. అక్కడి నుంచి రసం సాంద్రతను నీళ్లతో (1.000) పోల్చి చూపించే హైడ్రోమీటరే దిక్కు. 32 బ్రిక్స్ రసం దాదాపు 1.139 దగ్గర మొదలవుతుంది. మామూలు వైన్ హైడ్రోమీటర్లలో కొన్నిటికి గీతలు 1.120 దగ్గరే అయిపోతాయి, ముందే చూసుకోండి. రసంలో తొక్కల ముక్కలుంటే హైడ్రోమీటర్ వాటికి అతుక్కుని పైకి తేలుతుంది, కాబట్టి సన్నటి జల్లెడలో వడగట్టి కొలవండి. బుడగలు పోవడానికి గాజు గొట్టంలో ఒకసారి గుండ్రంగా తిప్పి వదిలితే సరి.

పులుపు ముఖ్యం

అందరూ తీపి గురించే మాట్లాడుతున్నారు. నాకైతే 3.75 చూసి టెన్షన్ వచ్చింది. నానిన తర్వాత అది ఇంకా పెరుగుతుంది, తొక్కల్లోంచి పొటాషియం దిగుతుంది కదా. పీహెచ్ 3.8 దాటితే రెండు నష్టాలు. రుచి చప్పగా, సిరప్‌లా ఉంటుంది. రెండోది ఇంకా పెద్దది: వైన్ చెడకుండా వేసే, సల్ఫర్ డయాక్సైడ్ వదిలే సల్ఫైట్ సరిగా పనిచేయదు. సూక్ష్మజీవుల్ని అడ్డుకునే రూపంలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ లీటరుకు 0.8 మిల్లీగ్రాములు కావాలంటే, పీహెచ్ 3.5 దగ్గర 40 మిల్లీగ్రాముల ఫ్రీ (దేనికీ అంటుకోని) సల్ఫర్ డయాక్సైడ్ చాలు. 3.8 దగ్గర దాదాపు 80 కావాలి. తీపి మిగిల్చిన వైన్‌లో ఈ తేడాయే కాపాడేది.

టార్టారిక్ ఆమ్లం లీటరుకు ఒక గ్రాము వేస్తే పీహెచ్ దాదాపు 0.1 తగ్గుతుంది. మొత్తం ఆమ్లం లీటరుకు 7 గ్రాముల పైన ఉంటే ఆ తీపికి వెన్నెముక వస్తుంది. ఒకేసారి పోయకండి. సగం వేసి, బాగా కలిపి, కొన్ని గంటలాగి మళ్లీ కొలిచి, నాలుక మీద వేసుకుని చూసి మిగతాది వేయండి. పులియక ముందే వేయడం మేలు, రుచిలో కలిసిపోతుంది.

తీగపందిరి

చాలా ఉపయోగపడే మాటలు, అందరికీ ధన్యవాదాలు. రేపు కోస్తున్నాను. ఒక విషయం: కింది వరుసలో కొన్ని గుత్తుల మీద బూడిద రంగు బూజు ఉంది. తియ్యటి వైన్లకు మంచి చేసే బూజు ఒకటి ఉంటుందని విన్నాను. ఇది అదేనేమో, వాటినీ వేసేయనా?

నల్లతొక్క

దయచేసి వేయకండి!

మీరు విన్న బూజు పేరు బోట్రైటిస్. ఫ్రాన్స్‌లో సోటెర్న్, హంగరీలో టోకాయ్ వైన్లు దానివల్లే అంత పేరు తెచ్చుకున్నాయి. కానీ అవి తెల్ల ద్రాక్ష వైన్లు. ఆ బూజు లాకేజ్ అనే ఎంజైమ్‌ని వదులుతుంది. అది ఎర్ర రంగుకు కారణమైన పదార్థాల్ని ఆక్సిజన్‌తో కలిపి పాడుచేస్తుంది. ఎర్ర వైన్ ఇటుక రంగుకు, తర్వాత బురద రంగుకు తిరుగుతుంది. పైగా మామూలు ఎంజైమ్‌లలా ఇది సల్ఫైట్‌కు లొంగదు. ఎర్ర ద్రాక్షలో మనకు కావలసింది శుభ్రంగా ఎండిన పండు, బూజు పట్టిన పండు కాదు.

ఏరేటప్పుడు ప్రతి గుత్తినీ చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. మంచి కిస్మిస్ తొక్క ముడతలతో, పొడిగా, కాస్త నిగనిగలాడుతూ ఉంటుంది. నొక్కితే జిగురుగా సాగుతుంది, వాసన అత్తిపండులా, ఎండు ప్లమ్‌లా ఉంటుంది. చెడ్డ పండు తొక్క నొక్కగానే జారిపోతుంది, లోపల గోధుమ రంగు నీరు కారుతుంది. ముక్కు దగ్గర పెడితే వెనిగర్ వాసన. గుత్తి చుట్టూ చిన్న ఈగలు ముసురుతుంటే అది పుల్లకుళ్లు, ఆ గుత్తి మొత్తం పారేయాలి. పది గుత్తుల్లో ఒకటి పోయినా నష్టం లేదు, ఆ ఒక్కటీ లోపలికి వెళితే మాత్రం వెనిగర్‌ని మీరే వేసినట్టు.

అనుమానం ఉంటే ఇలా చూడండి. కొద్దిగా రసం వడగట్టి గ్లాసులో పోసి, మూత లేకుండా ఒక రోజు వదిలేయండి. మర్నాటికి రంగు గోధుమలోకి తిరిగి, పైన అడుసులాంటి పొర కడితే లాకేజ్ ఉన్నట్టే. రంగు నిలిచి ఉంటే ధైర్యంగా ముందుకెళ్లండి.

ఈస్ట్ కబుర్లు

ఈస్ట్ గురించి ఎవరూ ఇంకా మాట్లాడలేదు కాబట్టి నేను అందుకుంటున్నాను.

32 బ్రిక్స్ రసంలోకి దూకిన ఈస్ట్ కణం పరిస్థితి ఊహించండి. చుట్టూ ఉన్న చక్కెర దానిలోని నీటిని బయటికి లాగేస్తుంది. తట్టుకోవడానికి అది గ్లిసరాల్ తయారుచేసి లోపల నింపుకుంటుంది. ఆ పనిలో కణం లోపలి లెక్క తప్పుతుంది, దాన్ని సరిచేసుకోవడానికి అసిటిక్ ఆమ్లాన్ని బయటికి వదులుతుంది. అందుకే ఏ బ్యాక్టీరియా లేకపోయినా ఆలస్యంగా కోసిన ద్రాక్ష వైన్లలో కొంచెం వెనిగర్ ఛాయ ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపలేం, తగ్గించగలం.

తగ్గించే దారి ఈస్ట్‌ని బలంగా మొదలుపెట్టడం. మామూలు వైన్‌కి లీటరుకు 0.2 నుంచి 0.25 గ్రాముల పొడి ఈస్ట్ వేస్తాం, ఇక్కడ 0.4 వేయండి. 40 డిగ్రీల నీళ్లలో నానబెట్టండి, ఆ నీళ్లలో గో-ఫెర్మ్ లాంటి ఈస్ట్ పోషకం కలిపితే కణాల పై పొర గట్టిపడుతుంది. నానిన ఈస్ట్‌ని ఒక్కసారిగా డ్రమ్ములో పోయకండి. కొంచెం కొంచెంగా రసం కలుపుతూ చల్లబరచండి, రెండిటి వేడికీ 10 డిగ్రీల కన్నా తేడా ఉండకూడదు. ఈ అరగంట ఓపిక తర్వాత వారాల తలనొప్పి తప్పిస్తుంది.

ఏ రకం ఈస్ట్? ఈసీ-1118 అనేది అందరి దగ్గరా ఉంటుంది, దేన్నయినా పులియబెడుతుంది. మీకు అదే చేటు. 18 శాతం దాకా పోగలదు. మీ రసాన్ని దాని చేతిలో పెడితే తీపి చాలావరకు తినేసి, గొంతు మండే వైన్ మిగులుస్తుంది. మధ్యలో ఆపబోతే మొండికేస్తుంది. 71బీ అయితే 14 శాతం దాటాక నీరసపడుతుంది, పండు వాసనల్ని బాగా నిలుపుతుంది. కానీ అది మాలిక్ ఆమ్లాన్ని కొంత తినేస్తుంది, పులుపు తగ్గుతుంది. పైన పులుపు ముఖ్యం గారు చెప్పిన టార్టారిక్ అందుకే ఇంకా అవసరం. ఆర్‌సీ-212 కూడా వాడొచ్చు, దానికి పోషకాలు ఎక్కువ కావాలి. ఈ 14 శాతం అనేది గోడ కాదు, గుర్తుంచుకోండి. ఈస్ట్‌కి హాయిగా ఉంటే ఇంకొకటి రెండు శాతం పోతుంది.

పోషకాలు రెండు విడతలు. పులియడం కనబడగానే ఒకటి, మూడో వంతు చక్కెర తగ్గాక రెండోది. ఆల్కహాల్ 10 శాతం దగ్గరికి వచ్చాక డీఏపీ (నత్రజని ఇచ్చే పోషకం) వేయొద్దు, ఈస్ట్ దాన్ని తీసుకోలేదు. అది వైన్‌లోనే మిగిలి తర్వాత అక్కర్లేని సూక్ష్మజీవులకు తిండి అవుతుంది. తీపి మిగిల్చే వైన్‌లో అది అసలు పనికిరాదు.

వేడి 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచండి. 30 దాటనివ్వకండి.

కొత్త సీసా

నేను చదవడానికే వస్తుంటాను, ఒక ప్రశ్న అడగొచ్చా? ఇంత కష్టం ఎందుకు? వైన్‌ని పూర్తిగా పులియనిచ్చి, ఈస్ట్ చచ్చాక పంచదార కలిపి తీపి చేస్తే తేలిక కదా? పంచదార ఇష్టం లేకపోతే విడిగా దాచిన ద్రాక్షరసం కలపొచ్చు.

పీపా నేస్తం

అడగండి, అందుకే కదా ఇక్కడున్నాం.

చేయొచ్చు, చాలామంది చేస్తారు, తప్పేమీ లేదు. కానీ వైన్ వేరేగా వస్తుంది. ద్రాక్షలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఉంటాయి. ఈస్ట్ ముందు గ్లూకోజ్ వైపే పోతుంది. మధ్యలో ఆపితే మిగిలేది ఎక్కువగా ఫ్రక్టోజ్. అది గ్లూకోజ్ కన్నా తియ్యన, పైగా పండు తీపిలా అనిపిస్తుంది. పంచదార వేస్తే వైన్ పులుపులో అది నెమ్మదిగా విడిపోయి రెండూ సమానంగా తయారవుతాయి. అంకె ఒకటే అయినా నాలుక మీద తేడా తెలుస్తుంది.

ఇంకోటి, ఈయన పళ్లతో పూర్తిగా పులియనిస్తే 18 శాతం దాటుతుంది లేదా మధ్యలో మొరాయిస్తుంది. తర్వాత తీపి కలిపినా ఆ మంట పోదు. ఇటలీలో వల్పొలిచెల్లా ప్రాంతంలో ఇలా రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. కోసిన ద్రాక్షను గాలి ఆడే గదుల్లో పరిచి, బరువులో 30 నుంచి 40 శాతం పోయేదాకా ఎండబెడతారు. అదే ఎండుపళ్ల రసం తీపి మిగిలేలా ఆపితే రెచోతో, పూర్తిగా పులియనిస్తే అమరోనే. రెచోతో పాతది, అమరోనే దాని బిడ్డ. అమరోనేలో పంచదార కలిపితే రెచోతో కాదు.

దాచిన రసం సంగతి మాత్రం మంచి ఆలోచన. చివర్లో తీపి కొద్దిగా తక్కువైతే సరిచేసుకోవడానికి తీగపందిరి గారు రెండు లీటర్లు ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

బలమైన చుక్క

నేను సూటిగా చెబుతాను. ఈస్ట్‌ని పూర్తిగా వడగట్టేసే స్టెరైల్ ఫిల్టర్ లేకుండా 14 శాతం దగ్గర తీపి నిలబెట్టడం ఇంట్లో చేసేవాళ్లకి నేను సిఫారసు చేయను. బ్రాందీ పోయండి. ఎర్ర ద్రాక్ష తియ్యటి వైన్లలో పేరున్నవి చాలా అలాంటివే. పోర్చుగల్ వాళ్ల పోర్ట్ వైన్‌కి పులియడం సగంలో ఉండగా 77 శాతం ద్రాక్ష సారాయి పోస్తారు, చివరికి 19 నుంచి 22 శాతం వస్తుంది. ఫ్రాన్స్‌లో బన్యూల్స్, మోరీ వైన్లను ఎక్కువగా గ్రెనాష్ అనే ద్రాక్షతో చేస్తారు, 96 శాతం సారాయి రసం పరిమాణంలో 5 నుంచి 10 శాతం దాకా పోస్తారు. ఈస్ట్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఫిల్టరూ అక్కర్లేదు, ఈస్ట్ పెరగకుండా వేసే సోర్బేటూ అక్కర్లేదు, రాత్రి నిద్రా పడుతుంది.

కొత్త సీసా

77 శాతం ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది? బ్రాందీ 40 శాతమే కదా, పోస్తే వైన్ పలచబడదా?

బలమైన చుక్క

ఎప్పుడు పోస్తారన్న దాని మీద ఉంటుంది. లెక్క ఇది. కావలసిన ఆల్కహాల్‌లోంచి వైన్‌లో ఉన్నది తీసేస్తే బ్రాందీ వాటా వస్తుంది. బ్రాందీ శాతంలోంచి కావలసినది తీసేస్తే వైన్ వాటా వస్తుంది.

లక్ష్యం 18 అనుకోండి. వైన్ 7 శాతం దగ్గర ఉండగా 40 శాతం బ్రాందీ పోస్తే వాటాలు 11, 22. అంటే 10 లీటర్ల వైన్‌కి 5 లీటర్ల బ్రాందీ! మీరన్నట్టు అది పలచబడ్డ బ్రాందీయే. 77 శాతంది అయితే 10 లీటర్లకు 1.9 లీటర్లే. అందుకే పోర్ట్ వాళ్లు దాన్ని వాడతారు.

ఈయన రసం మాత్రం 32 దగ్గర ఉండబోతోంది. 12 శాతం వచ్చేదాకా ఆగితే ఇంకా 160 గ్రాముల చక్కెర మిగిలే ఉంటుంది. అప్పుడు వాటాలు 6, 22. 10 లీటర్లకు 2.7 లీటర్ల మామూలు బ్రాందీ చాలు. కలిపాక 18 శాతం, తీపి 125 దగ్గర. ఆలస్యంగా కోసినందుకు ఇది పెద్ద లాభం. హైడ్రోమీటర్ 1.050 దగ్గరికి వచ్చినప్పుడు పోస్తే సరిపోతుంది. ఓక్ వాసన ఎక్కువ లేని, రంగు, తీపి కలపని బ్రాందీ చూసుకోండి. సారాయి ఇంట్లో కాచే ప్రయత్నం మాత్రం చేయకండి, చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా.

నల్లతొక్క

బలమైన చుక్క గారి లెక్కతో ఏకీభవిస్తాను, "ఫిల్టర్ లేకపోతే బ్రాందీయే" అన్నదానితో కాదు. ఆలస్యంగా కోసిన జిన్‌ఫాండెల్‌కి ఒక మెత్తదనం ఉంటుంది. ఎండు చెర్రీ, మిరియం, చాక్లెట్ పొడి. బ్రాందీ వాటి మీద దుప్పటి కప్పుతుంది. సంవత్సరాలు ఆగితే కలిసిపోతుంది, నిజమే. కానీ ఆ పండు రుచి కోసమే ఈయన ఇన్ని వారాలు పక్షుల్ని తోలుతూ కూర్చున్నారు. చల్లదనం, సల్ఫైట్, ఓపిక ఉంటే ఇంట్లోనూ ఆపొచ్చు.

తీగపందిరి

మీ ఇద్దరి మాటా విని సగం సగం చేస్తున్నాను.

కోత అయింది. బూజు గుత్తులు అన్నీ పక్కన పెట్టాను. కాడలు తీసి నలిపాను, 5 గ్రాముల మెటాబైసల్ఫైట్ (సల్ఫైట్ పొడి) వేసి చల్లగా నానబెట్టాను. గ్లాసు పరీక్షలో రంగు మారలేదు. నానాక బ్రిక్స్ 32, పీహెచ్ 3.85. పీపా నేస్తం గారు చెప్పినంతా జరిగింది. టార్టారిక్ విడతలుగా వేసి 3.6కి తెచ్చాను. ఇంతకుముందు తేనెలా నోట్లో కూర్చున్న రసం ఇప్పుడు నాలుక పక్కల లాలాజలం ఊరేలా ఉంది. 71బీ వేశాను, డ్రమ్ము పైన తొక్కలు దళసరిగా లేచాయి. రోజుకు మూడుసార్లు లోపలికి నొక్కుతున్నాను. నొక్కినప్పుడల్లా ఉబ్బిన కిస్మిస్‌లు టప్‌మని పగులుతున్నాయి, ఊదా రంగు నురుగు పైకి వస్తోంది. పిండడం ఎప్పుడు?

పీపా నేస్తం

తొక్కలు మరీ ఎక్కువ సేపు ఉంచకండి. తియ్యటి వైన్‌లో వగరు మొదట దాక్కుంటుంది, తర్వాత బయటపడుతుంది. 1.060 దగ్గర మొదలుపెట్టి రోజూ రుచి చూడండి. చిగుళ్లు పొడిబారినట్టు అనిపించడం మొదలవగానే పిండేయండి. ఎండుపళ్లు కాబట్టి ప్రెస్‌లో గుజ్జు ముద్దకట్టి రసం రాదు. తొందరపడి బిగించకండి. కొద్దిగా బిగించి వదలండి, గుజ్జును చేత్తో విడగొట్టి మళ్లీ బిగించండి. 60 కిలోలకు 30 లీటర్లు వస్తే సంతోషించండి. గట్టిగా పిండిన చివరి రసం విడిగా పట్టండి, అది చేదుగా ఉంటే బ్రాందీ వాటాకే పనికొస్తుంది.

బ్రాందీ పోసే సగాన్ని తొక్కలతో పాటే ఉంచి అందులోనే పోయొచ్చు. బన్యూల్స్, మోరీలలో ఆ పద్ధతి ఉంది. ఆల్కహాల్ తొక్కల్లోంచి రంగును, వాసనను ఇంకా లాగుతుంది. కొన్ని రోజులు అలా నాననిచ్చి తర్వాత పిండుతారు.

తీగపందిరి

అలాగే చేశాను. బ్రాందీ సగం ఆగిపోయింది, బుడగ లేదు. రెండో సగం పిండి గాజు జాడీలో పోశాను, ఇప్పుడు 1.045, ఇంకా చురుగ్గా ఉంది. దీన్ని 1.032 దగ్గర ఆపాలని అనుకుంటున్నాను. అంటే 14 శాతం. సల్ఫైట్, సోర్బేట్ రెండూ ఒకేసారి వేసేయనా?

నల్లతొక్క

వద్దు, వరుస ముఖ్యం. ఉరకలేస్తున్న ఈస్ట్ మీద సోర్బేట్ పనిచేయదు. సోర్బేట్ ఈస్ట్‌ని చంపదు, కొత్త కణాలు పుట్టకుండా మాత్రమే చూస్తుంది. ఉన్న కోట్ల కణాలు వాటి పని అవి చేసుకుపోతాయి. సల్ఫైట్ కూడా ఇప్పుడు వేస్తే పులిసే వైన్‌లో ఉన్న అసిటాల్డిహైడ్ దాన్ని పట్టేసుకుంటుంది, వేసింది వేసినట్టు వృథా.

1.038 రాగానే జాడీని ఫ్రిజ్‌లోకి మార్చండి, 1.032 దాకా ఆగకండి. 15 లీటర్ల వైన్ లోపలిదాకా చల్లబడడానికి ఒక రోజు పైనే పడుతుంది, ఆలోగా మిగతా పాయింట్లు తనే దిగుతుంది. సున్నాకు దగ్గరగా, 0 నుంచి 2 డిగ్రీల మధ్య పెట్టండి. ఈస్ట్ అడుగుకు దిగి, పైన వైన్ తేటపడుతుంది. అడుగున మడ్డి గట్టిగా కూర్చున్నాక, జాడీని కదపకుండా ట్యూబుతో పైది మాత్రమే వేరే జాడీలోకి తోడండి. చివరి లీటరు కోసం ఆశపడొద్దు. అదే ఈస్ట్ ఉన్న లీటరు.

తోడేటప్పుడే సల్ఫైట్. మొదటి విడత లీటరుకు 100 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ అందేలా, 15 లీటర్లకు 2.6 గ్రాముల మెటాబైసల్ఫైట్. ఎక్కువ అనిపిస్తుంది, కానీ తియ్యటి వైన్‌లో చాలా భాగం చక్కెరకు, అసిటాల్డిహైడ్‌కు అంటుకుపోతుంది. కొన్ని రోజులకు ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ కొలిచి, 3.6 పీహెచ్‌కి 50 దగ్గర నిలిచేలా సరిచేయండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పొడి దగ్గరికి రాకూడదు. మళ్లీ చల్లగా ఉంచి, మళ్లీ తోడండి. ప్రతిసారీ ఈస్ట్ తగ్గుతుంది, దానికి దొరికే తిండీ తగ్గుతుంది.

వైన్ అద్దంలా తేటపడ్డాకే సోర్బేట్, లీటరుకు 0.2 నుంచి 0.27 గ్రాములు. ముందు కొద్ది వైన్‌లో కరిగించి పోయండి.

పులుపు ముఖ్యం

సోర్బేట్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఈ వైన్‌లో మాలోలాక్టిక్ బ్యాక్టీరియా (మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేవి) పని మొదలుపెట్టకూడదు. అవి సోర్బేట్‌ని మార్చి, నలిపిన జెరేనియం ఆకు వాసన తెస్తాయి. అది వచ్చాక తీసే మార్గం లేదు. సల్ఫైట్ సరిగ్గా ఉన్న వైన్‌కే సోర్బేట్ వేయాలి. దాని బదులుగా ఇది కాదు.

తూకం రాయి

ఇంట్లో వాడే ప్లేట్ ఫిల్టర్ల మీద 0.5 మైక్రాన్ అని రాసి ఉంటుంది. అది సగటు మాట, కొన్ని కణాలు జారిపోతాయి. వైన్‌ని మెరిపించడానికి పనికొస్తుంది, ఈస్ట్ లేదని హామీ ఇవ్వదు. ఆ హామీ 0.45 మైక్రాన్ల మెంబ్రేన్‌ది.

తీగపందిరి

చల్లబరిచిన జాడీ 1.033 దగ్గర ఆగింది. రెండుసార్లు తోడాను. అడుగున మడ్డితో పాటు పంచదార పలుకుల్లాంటివి మెరుస్తున్నాయి, టార్టారిక్ స్ఫటికాలే అనుకుంటున్నాను. రంగు నల్లటి చెర్రీలా ఉంది. వాసన చూస్తే మొదట మిరియం, తర్వాత ఎండు అత్తిపండు. వెనిగర్ ఛాయ చాలా తక్కువ. బ్రాందీ వాటా ఇప్పటికి కాస్త ఘాటుగానే ఉంది. చిన్న సీసాలు, 375 మిల్లీలీటర్లవి, తెప్పించి పెట్టాను. ఎప్పుడు నింపొచ్చు?

పీపా నేస్తం

అవి టార్టార్ స్ఫటికాలే, మంచిదే. ఇప్పుడు జాడీలో దిగితే తర్వాత సీసాలో దిగవు.

నింపడానికి తొందర వద్దు, ముఖ్యంగా బ్రాందీ లేని వాటాకి. కార్క్ కొట్టాక ఈస్ట్ లేచి లీటరుకు 4 గ్రాముల చక్కెర తిన్నా సీసాలో దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. షాంపేన్‌లో ఆరు అట్మాస్ఫియర్ల ఒత్తిడి రావడానికి 24 గ్రాములు వేస్తారు, దానికి తగ్గ మందపాటి సీసాలు వాడతారు. మీ దగ్గర వంద గ్రాములకు పైనే ఉన్నాయి, సీసా మామూలుది. పేలితే గాజు ముక్కలు ఎగురుతాయి.

జాడీ ఫ్రిజ్‌లోంచి తీసి, నిండుగా, ఎయిర్‌లాక్‌తో (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూతతో) మామూలు గది వేడిలో కనీసం ఒక వేసవి గడవనివ్వండి. అది గడిచాక కూడా హైడ్రోమీటర్ 1.033 దగ్గరే ఉంటే అప్పుడు సీసాలు కడగండి.

నల్లతొక్క

దానికి తోడు చిన్న పరీక్ష కూడా చేయండి. రెండు చిన్న సీసాల్లో ఇదే వైన్ తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లో. రెండోదాని మూతికి బెలూన్ తొడిగి 25 నుంచి 30 డిగ్రీల వేడిలో మూడు వారాలు. బెలూన్ లేచినా, రెండో సీసా మసకబారినా, హైడ్రోమీటర్‌లో రెండిటికీ తేడా వచ్చినా ఈస్ట్ బతికే ఉంది. అప్పుడు మళ్లీ చల్లబరచడం, తోడడం, సల్ఫైట్ చూడడం.

బలమైన చుక్క

బ్రాందీ వాటాకి ఈ భయాలేవీ లేవు. ఆ ఘాటు ఒక ఏడాదికి తగ్గుతుంది. దాన్ని రెండు రకాలుగా పెట్టి చూడండి. ఒక జాడీ అంచుదాకా నింపి చీకట్లో ఉంచితే పండు రుచి, రంగు నిలుస్తాయి. ఇంకో చిన్న జాడీలో కొంచెం ఖాళీ వదిలి, గాలీ వెచ్చదనమూ తగిలేలా పెట్టండి. మోరీలో పెద్ద గాజు బుడ్డీలను ఏడాది పాటు ఆరుబయట ఎండలోనే ఉంచేస్తారు. రంగు ఇటుక వైపు తిరుగుతుంది, కాఫీ, వాల్‌నట్, కాల్చిన పంచదార రుచులు వస్తాయి. 14 శాతం వాటాతో మాత్రం ఇది చేయొద్దు, దానికి గాలి తగిలితే వెనిగర్ వైపే పోతుంది.

కొత్త సీసా

తీగపందిరి గారూ, ఆ బెలూన్ సీసా ఫలితం ఇక్కడ రాయండి. నేను వచ్చే కోతకు ఇదే వరుసలో చేద్దామనుకుంటున్నాను, నా దగ్గర ఉన్నది పెటిట్ సిరా అనే ఎర్ర ద్రాక్ష.

పీపా నేస్తం

పెటిట్ సిరా తొక్క మందం, పండు చిన్నది, వగరు చాలా ఎక్కువ. పైన చెప్పిన 1.060 దాకా ఆగకండి, 1.080 దగ్గరే రుచి చూడడం మొదలుపెట్టండి. గుత్తి బిగుతుగా ఉంటుంది కాబట్టి వాన పడితే లోపలి నుంచి కుళ్లుతుంది, కోత దగ్గరపడే కొద్దీ గుత్తుల్ని విప్పి చూస్తూ ఉండండి.

తీగపందిరి

తప్పకుండా రాస్తాను. రెండు సీసాలూ ఈ సాయంత్రమే పెట్టాను.